శ్రమలో సంతోషం: బైబిలు చదివేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వైపు ఇంటి కూడికల్లో, ఉపవాస ప్రార్థన అయ్యాక టీ తాగేటప్పుడు, వేలూరు ఆస్పత్రి వరండాల్లో మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలివి. నేను పాస్టర్‌ని కాను, బైబిలు క్లాసు చెప్పేవాణ్ని. వచనాలు మన ఇళ్లలో ఉండే పాత తెలుగు అనువాదం నుంచే తీసుకున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్నిటికి రెండు మాటలు చాలు.

"ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని రాసుంది కదా. మరి ఏడిస్తే ఆజ్ఞ మీరినట్టేనా?

లేదు. ఆ మాట ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. క్యాలెండర్ల మీద, ఆటోల వెనకాల మనకి కనపడేది ఆ ఒక్క వచనమే. పత్రిక మొత్తం ఒకేసారి కూర్చుని చదవండి, పావుగంట చాలు. రాసిన పౌలు సంకెళ్లలో ఉన్నాడు. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే తోటి పనివాడి సంగతి వస్తుంది. ఫిలిప్పీ సంఘం ఇచ్చిన సాయం పట్టుకుని పౌలు దగ్గరికి వచ్చి, జబ్బుపడి చావు దాకా వెళ్లాడు. దేవుడు అతణ్ని కనికరించాడనీ, "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా తననీ కనికరించాడనీ పౌలు రాశాడు. అంటే ఒక దుఃఖం అప్పటికే ఉంది, రెండోది తప్పింది. ఆ స్నేహితుడు పోయి ఉంటే తన పరిస్థితి ఎలా ఉండేదో పౌలు దాచుకోలేదు. మూడో అధ్యాయంలో కొందరి నడత గురించి "ఏడ్చుచు చెప్పుచున్నాను" అంటాడు. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలోనే ఆనందించుడి అని రెండుసార్లు చెప్పాడు.

ఇదే మనిషి కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఆరో అధ్యాయంలో తన బతుకునంతా ఒక్క ముక్కలో పెట్టాడు: "దుఃఖపడినవారమైనట్లుండియు ఎల్లప్పుడు సంతోషించువారము." ముందు దుఃఖం, అది తీరాక సంతోషం అని వరస పెట్టలేదు. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజున ఉన్నాయి. రోమీయులకు రాస్తూ "ఏడ్చువారితో ఏడువుడి" అని ఆజ్ఞే ఇచ్చాడు. ఏడవడం పాపమే అయితే, వెళ్లి ఆ పాపంలో పాలు పంచుకోమని చెప్తాడా?

పౌలు జైల్లో నిజంగానే సంతోషంగా ఉన్నాడా? చదివేవాళ్లకి ధైర్యం చెప్పడానికి అలా రాశాడేమో?

ఆ జైలు రోములోదని పాత సంప్రదాయం. ఎఫెసులోదనీ, కైసరయలోదనీ అనే పండితులూ ఉన్నారు. ఎక్కడిదైనా సరే, లేని సంతోషం నటించే అలవాటు పౌలుకి లేదు. ఆసియలో వచ్చిన శ్రమలో శక్తికి మించిన భారంతో క్రుంగిపోయామనీ, బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందనీ 2 కొరింథీ మొదటి అధ్యాయంలో ఉన్నదున్నట్టు రాశాడు. క్రుంగిపోయానని సంఘానికి ఉత్తరం రాయగలిగినవాడు, ఇంకో చోట సంతోషిస్తున్నానంటే నేను నమ్ముతాను. ఆ సంతోషానికి కారణం కూడా చెప్పాడు: తాను లోపలున్నా సువార్త బయట ఆగలేదు. జైలు బాగుందని మాత్రం ఎక్కడా అనలేదు.

మా నాన్న పోయినప్పుడు "ప్రభువు దగ్గరికి వెళ్లాడు కదమ్మా, విశ్వాసి ఏడవకూడదు" అన్నారు. అది వాక్యానుసారమేనా?

అన్నవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. లేఖనం మాత్రం వాళ్ల వైపు లేదు. వాళ్లు పట్టుకునేది 1 థెస్సలొనీక 4:13. అక్కడ పౌలు "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు. మన ఆదరణ కూడికల్లో ముందు ముక్క ఎగిరిపోయి "దుఃఖపడవద్దు" అన్నదే మిగులుతోంది. సగం వచనం చదివి ఒక విధవరాలి నోరు మూయించడం నాకు చాలా కోపం తెప్పించే విషయం, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

యోహాను పదకొండో అధ్యాయం చూడండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. ఇంకాసేపట్లో ఆ ఇంట్లో సంబరం జరుగుతుందనీ తెలుసు. అయినా మరియ ఏడవడం చూసి "యేసు కన్నీళ్లు విడిచెను". జరగబోయే మేలు తెలిసినవాడే ఏడిస్తే, ఆ మేలును విశ్వాసంతో ఎదురుచూసే మనం ఏడవకూడదనడం ఏం న్యాయం? స్తెఫను సంగతి ఇంకా స్పష్టం. ఆకాశం తెరవబడడం చూస్తూ చనిపోయిన హతసాక్షి అతను. అతడు ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ అనుమానం లేదు. అయినా భక్తిగల మనుషులు అతణ్ని సమాధి చేసి "బహుగా ప్రలాపించిరి" అని అపొస్తలుల కార్యములు 8:2. వాళ్లని "భక్తిగల" అన్నది ఆ పుస్తకం రాసిన లూకా. విశ్వాసం లేనివాళ్లని అనలేదు.

మీ నాన్నగారి కోసం ఏడవండి. ఎన్నాళ్లని ఎవరూ గడువు పెట్టక్కర్లేదు.

మా వీధిలో వాళ్లు అడుగుతారు: మీవాళ్లు శవం దగ్గర పాటలు పాడతారేంటి, బాధ లేదా అని. ఏం చెప్పాలి?

మన వైపు సహజంగా వచ్చే ప్రశ్నే. చావింట్లో గుండెలు బాదుకుని ఏడవడం చూసినవాళ్లకి డోలక్కు, తాళాలతో పాట వింతగానే ఉంటుంది.

నేనైతే ఎజ్రా మూడో అధ్యాయం చెప్తాను. యెరూషలేము దేవాలయాన్ని బబులోనువాళ్లు క్రీ.పూ. 586లో కూల్చేశారు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లు కొత్త మందిరానికి పునాది వేసిన రోజున బాకాలు ఊది పాటలు పాడారు. ఆ గుంపులో పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఉన్నారు. వాళ్లు గట్టిగా ఏడ్చారు. పడుచువాళ్లు సంతోషంతో కేకలు వేశారు. ఏది సంతోష ధ్వనో ఏది ఏడుపో జనం తేల్చుకోలేకపోయారని గ్రంథం చెప్తుంది. అక్కడ ఎవరూ ముసలివాళ్లని ఊరుకోమనలేదు, పడుచువాళ్లని తగ్గమనలేదు. మన భూస్థాపన పాటల్లో కూడా అంతే, శ్రద్ధగా వింటే సగం గొంతులు వణుకుతూ ఉంటాయి. బాధ లేక పాడడం లేదని అదే చెప్తుంది.

యాకోబు శోధనలను "మహానందమని యెంచుకొనుడి" అన్నాడు. అంటే బాధే ఆనందమా?

ఆ వచనం చివరిదాకా చదివితే కారణం అక్కడే ఉంది: విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పు పుట్టిస్తుంది. రోమా 5లో పౌలు ఇదే గొలుసు ఇంకాస్త పొడిగించాడు: శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలగజేస్తుంది. ఆనందం ఆ ఫలం చూసి. దెబ్బ తియ్యగా ఉందని ఎవరూ అనలేదు. శిక్ష ఏదైనా ప్రస్తుతానికి దుఃఖకరంగానే కనపడుతుందని హెబ్రీ 12:11 ఒప్పుకుంటుంది.

యాకోబును పూర్తిగా చదివినవాళ్లు తక్కువ. అదే పత్రిక అయిదో అధ్యాయంలో, కూలివాళ్ల జీతం బిగబట్టిన ఆస్తిపరుల మీద విరుచుకుపడ్డాడు. ఆ కూలి మొర పెడుతోందన్నాడు, కోతవాళ్ల కేకలు ప్రభువు చెవిన పడ్డాయన్నాడు. కూలి అందలేదా, మహానందమని ఎంచుకోండి అని ఆ కూలివాళ్లకి చెప్పలేదు. ఆ అధ్యాయంలోనే శ్రమలో ఉన్నవాడు ప్రార్థన చేయాలి, సంతోషంగా ఉన్నవాడు కీర్తనలు పాడాలి అని ఎవరి పని వాళ్లకి వేరుగా పెట్టాడు. అందరిచేతా ఒకే పాట పాడించలేదు.

దేవుణ్ని "ఎందుకిలా చేశావు" అని అడగొచ్చా? మా అవ్వ అది దూషణ అంటుంది.

అవ్వ భయం వెనక భక్తి ఉంది, ఆమెతో వాదన పెట్టుకోకండి. కానీ కీర్తనల గ్రంథం తెరిస్తే ఆ ప్రశ్నలే ఎదురవుతాయి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. ఆరు వచనాలు దాటేసరికి కృతజ్ఞతలోకి వస్తుంది. ఏడుపుతో మొదలైన కీర్తనలు చాలా వరకు ఇలాగే తిరుగుతాయి, అందుకే మనం అన్నీ అలాగే తిరగాలనుకుంటాం.

88వ కీర్తన తిరగదు. మొదలు మొర, మధ్యలో మొర, చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". తర్వాత ఏమీ లేదు. స్తోత్రం లేదు, ఆమేన్ లేదు. దీన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి మాట అతికించనూ లేదు. కోరహు కుమారుల కీర్తన అని పైన రాసి, ఆరాధనలో పాడే పాటల మధ్యే ఉంచారు. విలాపవాక్యముల పుస్తకం అయిదు అధ్యాయాలు. దేవుని వాత్సల్యత అనుదినం కొత్తగా పుడుతుందన్న మాట మూడో అధ్యాయం మధ్యలో ఉంది. మనం దాన్నే పాటగా పాడుకుంటాం. ఆ తర్వాత మళ్లీ రెండు అధ్యాయాలు ఏడుపే. పుస్తకం ముగిసేది దేవుడు తమని పూర్తిగా విసర్జించాడేమో అన్న దిగులుతో.

ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు విషయం మీకు తెలిసిందే, అయినా ఒకటి గమనించండి. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్న మొదటి అధ్యాయపు యోబునే మనం ప్రసంగాల్లో వింటాం. మూడో అధ్యాయంలో తాను పుట్టిన రోజును శపించినవాడూ ఆ యోబే. ఆ తర్వాత ముప్ఫై పైచిలుకు అధ్యాయాలు వాదన. చివరికి దేవుడు తప్పు పట్టింది ఎవరిని? తన తరఫున గట్టిగా మాట్లాడిన ముగ్గురు స్నేహితుల్ని. యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తంగా పలకలేదని ఎలీఫజుతో అన్నాడు.

తోట దెబ్బతింది, పాలకి గిట్టుబాటు లేదు, అప్పులున్నాయి. హబక్కూకులా స్తోత్రం చెప్పమంటున్నారు. నోట్లోంచి మాట రావడం లేదు.

హబక్కూకు ప్రవక్త రాసిన మూడో అధ్యాయాన్ని మన జిల్లా రైతు కంటే బాగా ఎవరు చదవగలరు? అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, "సాలలో పశువులు లేకపోయినను నేను యెహోవాయందు ఆనందించెదను". అంజూరం తీసి మామిడి పెట్టండి, అది చిత్తూరు లెక్క అవుతుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, కాయ కోసిన కూలి కూడా రాని ఇళ్లు ఎన్నో. పాడి ఆవు ఒక్కటి పోతే ఇంటి నెలసరి ఖర్చు ఆగిపోయే పల్లెలు మనవి. ప్రవక్త చెప్పిన జాబితా మనకి కవిత్వంలా అనిపించదు.

మీకు ఆ వచనం అప్పజెప్పినవాళ్లు దాని ముందు వచనం చదివారా? బబులోను సేన వస్తుందని విన్నప్పుడు తన కడుపులో కలవరం పుట్టిందనీ, పెదవులు వణికాయనీ, కాళ్లు అదిరాయనీ హబక్కూకు చెప్పుకున్నాడు. పుస్తకం మొదలైందే "నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు" అన్న నిష్ఠూరంతో. మొదటి అధ్యాయం ఫిర్యాదు, రెండోది కావలి గోపురం మీద జవాబు కోసం నిలబడి చూడడం, ఆ తర్వాతే మూడో అధ్యాయం. మీరిప్పుడు మొదటి అధ్యాయంలో ఉన్నారు. మూడోది మీ నోట్లోకి తోసే హక్కు పక్కవాళ్లకి లేదు.

ఇంకొకటి. పంట పోయినా పోనట్టే ఉండమని హబక్కూకు అనలేదు. ఏమేం పోయాయో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పాకే దేవునియందు ఆనందిస్తానన్నాడు. అప్పులెవరికి ఎంత ఉన్నాయో కాగితం మీద రాసి, ప్రార్థనలో అలాగే చదవండి. ఆ కాగితాన్నే నమ్మకమైన మనిషికి కూడా చూపించండి.

ఈ బాధ మా పాపం వల్లా? మా ఆఫీసులో అందరూ కర్మ అంటారు, సంఘంలో అందరూ శాపం అంటారు.

యోహాను తొమ్మిదిలో శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు: ఇతడు గుడ్డివాడిగా పుట్టడానికి పాపం చేసింది ఇతడా, ఇతని కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు యేసు. లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు మిగతా యెరూషలేమువాళ్ల కంటే అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తనే చెప్పాడు. మనిషి చేసిన తప్పు వల్ల బాధ రావడం ఉంది, తాగి బండి నడిపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ బాధను చూసి వెనక్కి లెక్కగట్టి పాపం కనిపెట్టే పని యేసు చేయలేదు. మన సంఘాల్లో కర్మను బయటికి పంపేసి, శాపం అన్న పేరుతో దాన్నే లోపలికి తెచ్చుకున్నామేమో అనిపిస్తుంది నాకు.

తిరుమల కొండకి 3,550 మెట్లు ఎక్కి, మోకాళ్ల పర్వతం మోకాళ్లమీద ఎక్కినవాళ్లని చూస్తుంటాం. క్రైస్తవులు కూడా కష్టాన్ని కోరి తెచ్చుకోవాలా?

వాళ్ల మొక్కు సంగతి వాళ్లకి తెలుసు, దాని గురించి నేను మాట్లాడను. మన గ్రంథంలో మాత్రం, తప్పించుకోగలిగిన చోట తప్పించుకున్నవాళ్లే కనిపిస్తారు. సిలువకి ముందు రాత్రి గెత్సేమనేలో యేసు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోనిమ్మని అడిగాడు. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని శిష్యులకి చెప్పాడు. పౌలును దమస్కు గోడ మీంచి గంపలో పెట్టి దింపేశారు.

జబ్బు చేస్తే స్తోత్రం చెప్తూ ఉంటే చాలా? ఆస్పత్రికి వెళ్తే సంతోషం, విశ్వాసం తగ్గినట్టా?

వెళ్లండి. తిమోతి కడుపు జబ్బుకి పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు. మన ప్రాంతంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం పలు మిషన్లు కలిసి 1912లో శానిటోరియం మొదలుపెట్టాయి. క్షయకి పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మందే లేని రోజుల్లో, మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇచ్చి రోగుల్ని చూసుకోవడానికి వాళ్లు ఊరవతల అంత స్థలం తీసుకుని కట్టారు. శ్రమలో సంతోషించుడి అనే బైబిలే వాళ్ల చేతుల్లోనూ ఉంది. రోగికి ఆ వచనం చదివి వెళ్లిపోదామని వాళ్లు అనుకోలేదు.

భర్త కొడుతుంటే ఓర్చుకుని సంతోషించమని ఒక పెద్దాయన చెప్పారు.

ఆ సలహా తప్పు. పేతురు చెప్పిన సంతోషం క్రీస్తు పేరు కోసం వచ్చే శ్రమలో. తాగొచ్చి కొట్టే చేతికి ఆ గౌరవం ఇవ్వకండి. ఫిలిప్పీ జైల్లో అర్ధరాత్రి పాటలు పాడిన పౌలు, సీల సంగతి అందరికీ తెలుసు. తెల్లవారాక జరిగింది ఎవరూ చెప్పరు: విచారణ లేకుండా రోమా పౌరుల్ని బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అని పట్టుబట్టాడు పౌలు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణాపాయం ఉంటే 112. ముందు ఫోన్ చేయండి, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

నెలల తరబడి ఏ సంతోషమూ లేదు, చచ్చిపోవాలనిపిస్తోంది. నేను విశ్వాసినే కాదా?

ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై గెలిచిన వెంటనే ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. ప్రశ్నలు ఆ తర్వాత. డిప్రెషన్ జబ్బు, దానికి డాక్టర్లున్నారు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇవాళే చేయండి, ఒంటరిగా ఉండకండి.

సాక్ష్యాల సమయంలో అందరూ "అడిగాను, ఇచ్చాడు" అంటారు. నాది ఇంకా తీరలేదు. నేనేం చెప్పను?

తీరలేదనే చెప్పండి. పౌలు తనని బాధపెడుతున్న ఒక కష్టాన్ని శరీరంలో ముల్లు అన్నాడు, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అని జవాబు వచ్చింది, ముల్లు పోయిందని మాత్రం రాయలేదు. హెబ్రీ 11లో సింహాల నోళ్లు మూయించినవాళ్లు, కత్తివాత తప్పించుకున్నవాళ్లు ఉన్నారు. అదే ఊపులో రంపాలతో కోయబడినవాళ్లు, కత్తితో చంపబడినవాళ్లు కూడా ఉన్నారు. ఇద్దరికీ విశ్వాసవీరుల జాబితా ఒకటే. మైకు మాత్రం మనం మొదటి రకానికే ఇస్తున్నాం. నడిపించేవాళ్లు నెలకోసారైనా, ఇంకా తీరని ప్రార్థన ఉన్నవాళ్లని పిలిచి మాట్లాడించాలి.

బాధలో ఉన్నవాళ్లింటికి వెళ్తే ఏం మాట్లాడాలి?

దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించేవాణ్ని, చలిరోజున పైబట్ట లాగేసేవాడితో పోల్చింది సామెతలు 25:20. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాక అంతా పాడైంది. కాబట్టి అన్నం, కూర క్యారియర్‌లో పట్టుకెళ్లండి. పిల్లల్ని బడికి దించండి. వాళ్లు అడిగితే వాక్యం చదవండి, చదివాక వివరించకండి.

"హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని మెసేజ్ పెట్టొచ్చా?

పెట్టకండి. ఆ రోజు చర్చిలో మధ్యాహ్నం మూడింటి దాకా సిలువలో పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం, అందులో ఒకటి "నా దేవా నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి". పైన హ్యాపీ అని రాసి కింద పువ్వుల బొమ్మ పెడితే ఏం బాగుంటుంది? ఆదివారం పొద్దున హ్యాపీ ఈస్టర్ పెట్టండి. అయితే ఆ ఆదివారం కూడా మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తూనే ఉంది. సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు "భయముతోను మహా ఆనందముతోను" పరుగెత్తారని మత్తయి రాశాడు. అందుకని ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి మెసేజ్ బదులు ఫోన్ చేసి, తిన్నారా అని అడగండి.